నిడివి తగ్గితే కోత పడినట్టేనా? పాత కార్టూన్ టేపుల సమస్యలు - పరిష్కారాలు

విశాఖలో ఓడల మీద పనిచేసి వచ్చినవారి ఇళ్లలో అటకలు దులిపితే ఇప్పటికీ వీహెచ్ఎస్ క్యాసెట్లు బయటపడతాయి. విదేశీ రేవుల్లో కొని, బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నవి. వాటిలో టామ్ అండ్ జెర్రీ కనబడితే చాలు, ‘ఇది కోత పడనిదేనా, దృశ్యాలేవీ తీసేయలేదా?’ అని నాకు ఫోను వస్తుంది. ఫిర్యాదులు ఎన్ని విన్నా తిరిగి తిరిగి అవే ఉంటాయి. పెట్టె మీద ‘అన్‌కట్’ అని అచ్చయిందా లేదా అన్నది నేను అడగను. పేరు గొప్ప ఊరు దిబ్బ సామెతకు ఆ ముద్రను మించిన ఉదాహరణ లేదు.

ఏడు నిమిషాల కార్టూన్ 6 నిమిషాల 43 సెకన్లకే అయిపోతోంది

కంగారు పడకండి. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మన దేశంలో వాడిన పాల్ వీడియో పద్ధతిది సెకనుకు 25 ఫ్రేముల లెక్క. టేపు తయారుచేసేటప్పుడు ఆ ఒక్క ఫ్రేము తేడాను సర్దడానికి బొమ్మను కాస్త పరుగెత్తిస్తారు. దాంతో 420 సెకన్ల కార్టూన్ 403 సెకన్లకు దిగుతుంది. ఎక్కడా కత్తెర పడకుండానే 17 సెకన్లు మాయం.

మీ టేపు నిడివిని సెకన్లలో రాసుకుని 25తో గుణించి 24తో భాగించండి. వచ్చిన అంకె అమెరికా డిస్కు నిడివికి సరిపోతే టేపు నిర్దోషి. సంగీతం తెలిసినవారికి ఈ లెక్క కూడా అక్కరలేదు. శ్రుతి ఒక స్వరస్థానానికి కాస్త తక్కువగా పైకి జరిగి ఉంటుంది. ఈ లెక్క వేయకుండా మంచి టేపును సగం ధరకు తిరిగి అమ్ముకున్న తెలివితక్కువవాడు ఒకడు నాకు తెలుసు. రోజూ అద్దంలో కనిపిస్తాడు.

బొమ్మ బాగానే ఉంది, సంగీతం ఒకచోట గెంతుతోంది

అసలైన కోత ఇదీ. టామ్ అండ్ జెర్రీ తీసిన ఎంజీఎం స్టూడియో కార్టూన్లకు స్కాట్ బ్రాడ్లీ సంగీతం కూర్చాడు. పిల్లి అడుగు, ఎలుక దూకుడు, పళ్లెం పగలడం, అన్నీ స్వరాల్లోనే ఉంటాయి. అందువల్ల బొమ్మలో నాలుగు సెకన్లు తీసేస్తే కన్ను మోసపోవచ్చు కానీ పాట మధ్యలో తెగిన చప్పుడు చెవికి తగిలి తీరుతుంది. టీవీకి వీపు పెట్టి కూర్చుని ఒకసారి పూర్తిగా వినండి. ఎక్కడ తాళం తప్పిందో ఆ సమయం రాసుకోండి. తరువాత ఆ చోటును ఒక్కో ఫ్రేమూ కదుపుతూ చూడండి. నా దగ్గరి ఒక టేపులో పేలుడు శబ్దం మొదలైన మరుక్షణం తెర నల్లబడి, తరువాతి సన్నివేశం నడిమధ్య నుంచి అందుకుంటుంది. ఆ పేలుడుకు టామ్ ముఖం మసిబారి నల్లజాతివారి వెక్కిరింత బొమ్మగా మారే చోటు అది.

కోతలకు ఎక్కువగా కారణం ఇలాంటి హాస్యమే. 1948 నాటి ‘మౌస్ క్లీనింగ్’ చివర బొగ్గులో మునిగిన టామ్ వెక్కిరింత యాసలో మాట్లాడతాడు. దానినీ, 1951 నాటి ‘కాసనోవా క్యాట్’నూ 2007లో వచ్చిన మూడో స్పాట్‌లైట్ డీవీడీ సెట్టులో వదిలేశారు. 2013లో రావలసిన రెండో బ్లూరే సంపుటం ఈ రెండింటి గొడవతోనే ఆగింది. ఇవి ఉన్న పాత రూపం కావాలంటే 1990ల మొదట్లో వచ్చిన ‘ది ఆర్ట్ ఆఫ్ టామ్ అండ్ జెర్రీ’ లేజర్‌డిస్కులు (డీవీడీకి ముందు తరం పెద్ద వీడియో డిస్కులు) వెతకవచ్చు. ముందు ఆ ప్లేయరు సంపాదించండి, డిస్కు సంగతి తరువాత. ఆ దృశ్యాలు అవమానకరమైనవే. చరిత్రగా దాచుకోవచ్చు. పిల్లల ముందు మాత్రం వివరం చెప్పకుండా వేయకండి.

పనిమనిషి గొంతు వేరేలా వినబడుతోంది

కాళ్లు మాత్రమే కనిపించే ఆ పాత్రకు మొదట గొంతు ఇచ్చినది లిలియన్ రాండోల్ఫ్. 1990లలో థియా విడేల్ చేత మళ్లీ చెప్పించారు. దృశ్యం పూర్తిగా ఉన్నా అది మార్చిన ప్రతే. పరిష్కారం అంతకు ముందు అచ్చయిన టేపే. అయితే 1960ల టీవీ ప్రతుల్లో కొన్నిచోట్ల ఆ పాత్రనే తీసి కొత్తగా గీశారు, కాబట్టి పాతదైతే చాలు అనుకోవద్దు.

మొదటి పేర్ల పలక లేదు

కోత కాదు. సినిమాహాళ్లలో రెండోసారి విడుదల చేసినప్పుడు పాత పలకలు తీసి కొత్తవి అతికించారు. పైగా 1978లో సినిమా రీళ్లు భద్రపరిచే అమెరికా సంస్థ జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎంజీఎం కార్టూన్ల అసలు నెగటివ్‌లు చాలా కాలిపోయాయి. వెతుకులాట ఇక్కడ ఆపేయండి.

పక్కనున్నవారు సగమే కనిపిస్తున్నారు

1950ల నడుమ నుంచి ఈ కార్టూన్లు సినిమాస్కోప్‌లో వచ్చాయి. పాత టీవీ చట్రంలో ఇరికించడానికి దాదాపు సగం బొమ్మను పక్కలకు తోసేశారు. ఏ వీహెచ్ఎస్ తెచ్చినా ఇదే వరస కాబట్టి వెడల్పు తెర డిస్కు కొనండి. పరుగెత్తే జెర్రీ మీసం గీతలు మధ్యమధ్య చెరిగిపోతుంటే మాత్రం కారణం వేరు. మరకలు తుడిచే కంప్యూటర్ పద్ధతి మరకతో పాటు గీతనూ తుడిచేసింది. అదే కార్టూన్‌కు ఆ పద్ధతి తగలని పాత టేపు కాస్త మసకగా ఉన్నా నాకు అదే ముద్దు.

బొమ్మ నలుపు తెలుపుల్లో దొర్లుతోంది, లేదా డిస్కు ఆడనంటోంది

టేపు అమెరికా పద్ధతిదైన ఎన్‌టీఎస్‌సీ, వీసీఆర్ పాల్ మాత్రమే తెలిసినది. రెండూ ఆడించే వీసీఆర్ కావాలి. డిస్కయితే ప్రాంతపు అంకె చూడండి. డీవీడీల్లో మనది 5, అమెరికాది 1.

క్యాసెట్ కిటికీలోంచి తెల్లటి పిండి కనిపిస్తోంది

మన ఊరి ఉప్పుగాలి, ఉక్కపోత చేసిన పని ఇది. టేపు చుట్ట అంచున బూజు పట్టింది. దయచేసి వీసీఆర్‌లో పెట్టకండి. పాల్ యంత్రంలో టేపును చదివే హెడ్ నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ ఆ బూజును తరువాత పెట్టే ప్రతి టేపుకూ పంచుతుంది. నేను ఒక్క క్యాసెట్ తొందరలో పెట్టి మరో నాలుగు పాడుచేసుకున్నాను.

క్యాసెట్‌ను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో వారం ఉంచండి. ఎండలో పెడితే టేపు వంకర పోతుంది. తరువాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, బయట గాలిలో, వెనుక ఉన్న ఐదు మరలు విప్పండి. చుట్ట అంచును నూగు రాలని పొడి గుడ్డతో తుడిచి, వేరే శుభ్రమైన ఖాళీ క్యాసెట్ డొల్లలో బిగించండి. పనికిరాకపోయినా ఫరవాలేదనుకునే పాత వీసీఆర్‌లో ఒకసారి మొదటి నుంచి చివరికీ మళ్లీ వెనక్కీ తిప్పండి. ఆ యంత్రం హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ఆడించండి. ఆడించే మొదటిసారే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. రెండోసారి ఆడుతుందో లేదో చెప్పలేం.