అవకలనం లెక్క తప్పుతోందా? ముందు ఫోన్‌లో సైన్ 1 నొక్కి చూడండి

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను. అవకలనం (డిఫరెన్సియేషన్) మొదలైన వారం నుంచి నా ఫోన్‌కు ఫొటోలు రావడం మొదలవుతుంది. "సార్, జవాబు రావడం లేదు." ఒక్క ఫొటోలోనూ సరిచూసుకున్న ఆనవాలు ఉండదు. చిన్న క్లాసులో భాగహారం చేసి గుణకారంతో చెక్ చేసుకున్న పిల్లలే వీళ్లు! ఇక్కడికొచ్చేసరికి నేరుగా వెనకపేజీ తిప్పేస్తారు.

చెక్ చేయడానికి అర నిమిషం చాలు. ఎక్స్‌కు ఏదో ఒక విలువ అనుకోండి. దానికి 0.001 కలిపి ప్రమేయం (ఫంక్షన్) విలువ కట్టండి, అందులోంచి అసలు విలువ తీసేయండి, మిగిలిన తేడాను 0.001తో భాగించండి. మీరు కట్టిన అవకలజంలో (డెరివేటివ్) అదే ఎక్స్ వేస్తే దాదాపు ఇదే సంఖ్య రావాలి.

ఎందుకంటారా? తిరుమల కొండకు కారులో వెళ్లినవాళ్లకు తెలుసు, కింద అలిపిరి గేటు దగ్గర, మళ్లీ పైన గేటు దగ్గర టైం నమోదవుతుంది. 28 నిమిషాల కన్నా ముందే పైకి చేరితే ఫైన్. గేటు పట్టుకునేది సగటు వేగాన్నే, అందుకే కొందరు తొక్కేసి వెళ్లి ఏదో మలుపు దగ్గర ఆగి టైం గడుపుతారు. మలుపులో స్పీడోమీటర్ ముల్లు చూపించేది అవకలజం. రెండు గేట్లనూ ఆ మలుపుకు అటూ ఇటూ దగ్గరగా జరుపుకుంటూ వస్తే సగటు ఆ ముల్లు దగ్గరికే వస్తుంది. 0.001 అంటే ఆ గేట్ల మధ్య మిగిలిన చిన్న ఎడం.

ఇక పిల్లల ఫొటోల్లో కనిపించే తప్పులు చూద్దాం. మొదటి సూత్రంతో (ఫస్ట్ ప్రిన్సిపుల్) చేస్తే సున్నా బై సున్నా వస్తోంది. ఎక్స్‌కు కలిపే చిన్న సంఖ్య, అంటే మన 0.001 లాంటిది, హెచ్; దానికి సున్నా తొందరపడి వేసేశారు. రెండు గేట్లూ ఒకేచోట పెడితే కొలవడానికి ఏముంటుంది? ముందు పైనా కిందా హెచ్ కొట్టేయండి, తర్వాతే సున్నా వేయండి.

జవాబు రెండింతలో మూడింతలో తేడా వస్తోంది. లోపలున్న ప్రమేయం అవకలజంతోనూ గుణించమనే చైన్ రూల్ మరిచారు. (2ఎక్స్ + 1)³కు 3(2ఎక్స్ + 1)² రాసి ఆగిపోయారు. ఎక్స్ సున్నా దగ్గర అది 3 ఇస్తుంది, చెక్ చేస్తే 6.01 వస్తుంది. లోపలి 2 బయటికి రాలేదన్నమాట.

రెండు ప్రమేయాల లబ్ధం తేడాగా వస్తోంది. వేటికవి అవకలనం చేసి గుణించేశారు. సిగ్గుపడక్కర్లేదు, 1675లో కలనగణితం కనిపెట్టినవాళ్లలో ఒకడైన లైబ్నిట్జ్ కూడా అలా కుదురుతుందా అని కాగితం మీద చూసుకుని, కుదరదని తేల్చుకున్నాడు.

సైన్, కాస్ ఉన్న లెక్కలో మాత్రమే చెక్ అస్సలు కలవడం లేదు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను.

ఒకమ్మాయి సైన్ 3ఎక్స్‌కు 3 కాస్ 3ఎక్స్ అని రాసింది. చెక్ చేసి చూపిద్దామని నేనే ఫోన్ తీశాను. కాస్ 60 నోటికి వచ్చు కదా అని ఎక్స్‌కు 20 వేశాను. ఆమె జవాబు ప్రకారం 1.5 రావాలి. 0.001 పద్ధతిలో కడితే 0.026 వచ్చింది. "లేదమ్మా, ఎక్కడో తప్పు పోయింది" అన్నాను. పాపం, ముందున్న 3 చెరిపేసింది. ఇప్పుడు 0.5, అదీ కలవలేదు. రెండు పేజీలు ఖరాబయ్యాయి. రాత్రి ఇంటికెళ్లి 1.5ను 0.026తో భాగిస్తే 57 చిల్లర వచ్చింది. అప్పుడు వెలిగింది. ఒక రేడియన్ అంటే దాదాపు 57.3 డిగ్రీలు! పిల్ల రాసింది కరెక్టే, నా ఫోన్ డిగ్రీల్లో ఉంది.

సైన్ అవకలజం కాస్ అనే సూత్రం రేడియన్లలోనే నిజం. చిన్న కోణానికి సైన్ ఎక్స్, ఎక్స్ దాదాపు సమానమన్న అవధి (లిమిట్) మీదే అది నిలబడింది. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తంలో చాపం పొడవునే కోణంగా కొలిస్తేనే ఆ సమానం కుదురుతుంది. డిగ్రీల్లో సైన్ 1 అంటే 0.01745 మాత్రమే, అంటే దాదాపు పై బై 180. అందుకే సైన్ ఎక్స్ డిగ్రీలు అని ప్రశ్నలో ఇస్తే జవాబు ముందు పై బై 180 తగిలించాలి. పరీక్షలో ఆ చిన్న సున్నా గుర్తు చూడక మార్కులు పోగొట్టుకునేవాళ్లు బోలెడు.

అంత అనుభవం ఉండీ ఎందుకు కనిపెట్టలేదంటే, కాస్ 60 వేయగానే 0.5 వచ్చింది. పదో క్లాసు నుంచి చూస్తున్న సంఖ్య కాబట్టి ఫోన్ సరిగ్గానే ఉందనుకున్నాను. రేడియన్లలో ఉన్న ఫోన్ కాస్ 60కు 0.5 ఇవ్వదు, అసలు అనుమానం రావాల్సింది అక్కడే. పైగా బటన్ మీద ఆర్ఏడీ (రేడియన్లు) అని కనబడుతోంది. కొన్ని ఫోన్లలో బటన్ మీద ఉండేది ఇప్పుడున్న మోడ్ కాదు, నొక్కితే మారబోయేది! ఆ అక్షరాలను నమ్మొద్దు. సైన్ 1 నొక్కండి. 0.84 వస్తే రేడియన్లు, 0.017 వస్తే డిగ్రీలు. మోడ్ మార్చాక ఎక్స్‌కు 20 కాకుండా 1 వేసి చూడండి: 3 కాస్ 3 విలువ మైనస్ 2.97, చెక్‌లోనూ మైనస్ 2.97. జవాబుకూ చెక్‌కూ 57 రెట్లు తేడా కనబడితే లెక్కను ముట్టుకోకండి, ఫోన్‌ను చూడండి.

2 పవర్ ఎక్స్‌కు ఎక్స్ను ముందుకు లాగి పవర్‌లో ఒకటి తగ్గించేవాళ్లు అరుదుగా తగులుతారు. పవర్‌లో స్థిరసంఖ్య ఉంటే చేసే పని అది. ఇక్కడ పవర్‌లో ఉన్నది ఎక్స్, కాబట్టి 2 పవర్ ఎక్స్‌ను లాగ్ 2తో (ఫోన్‌లో ఎల్ఎన్ బటన్) గుణించాలి. మాడ్యులస్ ఎక్స్ సున్నా దగ్గర కలవట్లేదంటే అక్కడ అవకలజమే లేదు, ఎడమన మైనస్ 1, కుడిన 1. వదిలేసి తర్వాతి లెక్కకు పోండి.