ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు కొత్తగా పెట్టుకుంటున్నారా? మెట్ల దగ్గర జాగ్రత్త

నలభై దాటి చత్వారం వచ్చాక, దూరానికీ దగ్గరికీ ఒకే జోడు సరిపోతుందని ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకునేవాళ్ళు చాలామంది. షాపులో పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదువుతారు, ఫోన్ చూస్తారు, బాగానే ఉందని బయటికి వస్తారు. ఇబ్బంది షాపు ముందున్న మెట్టు దగ్గరే మొదలవుతుంది. తలనొప్పి వస్తుందనీ, కళ్ళు లాగుతాయనీ అందరూ చెబుతారు. కాలు తప్పి పడతామని చెప్పేవాళ్ళు తక్కువ. నాకైతే ముందు చెప్పాల్సింది అదే అనిపిస్తుంది.

ఈ అద్దంలో పై భాగం దూరానికి, మధ్య భాగం కంప్యూటర్ దూరానికి, కింది భాగం చదవడానికి. చదివే భాగం సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోయేలా ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు మనం తల వంచం, కళ్ళు మాత్రమే దించుతాం. అప్పుడు చూపు ఆ చదివే భాగంలోంచి వెళుతుంది. మెట్టేమో కంటికి ఐదడుగుల కింద ఉంటుంది. అంచు మసగ్గా కనబడుతుంది, ఎంత లోతుందో అంచనా తప్పుతుంది. అందుకే గడ్డం ఛాతీకి ఆనేంతగా తల వంచి, అద్దం పై భాగంలోంచి మెట్టు చూడాలి. ఒక చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. ఇంట్లో రెండు మూడు మెట్లున్నా చాలు, పగటి వెలుతురులో నాలుగుసార్లు ఎక్కి దిగి చూడండి. గడప, ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు, ఎస్కలేటర్ మొదలూ చివరా, తడి బాత్రూము: వీటి దగ్గర మొదటి రెండు వారాలు తొందర వద్దు.

ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే ఇంకో మాట. దూరానికీ దగ్గరికీ ఒకే జోడు వాడుతున్న బాగా పెద్ద వయసువాళ్ళ మీద ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. తరచూ బయట తిరిగేవాళ్ళకు, బయటికి వెళ్ళేటప్పుడు పెట్టుకోమని దూరపు చూపు అద్దాలు విడిగా ఇస్తే, వాళ్ళు పడిపోవడం బాగా తగ్గింది. బయటికి అంతగా వెళ్ళనివాళ్ళలో మాత్రం ఆ మేలు కనబడలేదు, పైగా బయట పడిపోవడం పెరిగింది. కాబట్టి అందరికీ రెండు జోళ్ళు అక్కర్లేదు. రోజూ నడిచే అలవాటున్న పెద్దవాళ్ళకు మాత్రం దూరపు జోడు ఒకటి విడిగా ఉండటం మంచిది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల వెళ్ళేవాళ్ళు, కొత్త ప్రోగ్రెసివ్ జోడుతో ఆ నడక మొదలుపెట్టకండి.

బండి సంగతి. అద్దం రెండు పక్కల కింది వైపు కొంత అలలుగా, వంకరగా కనబడుతుంది. పవర్ పై నుంచి కిందికి క్రమంగా మారుతుంది కాబట్టి ఆ వంకర ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. ఖరీదైన లెన్స్‌లో తక్కువగా ఉంటుంది తప్ప పూర్తిగా పోదు. అందుకని కళ్ళు పక్కకి తిప్పకుండా, చూడదలచిన వైపు ముక్కు తిప్పాలి. ఈ అలవాటు వచ్చేదాకా స్కూటర్, కారు నడపకండి, వెనకో పక్కనో కూర్చోండి. నడపడం మొదలుపెట్టాక, బండికున్న అద్దంలో వెనక వచ్చేవాళ్ళని చూడ్డానికీ తల తిప్పాల్సిందే. హెల్మెట్ పెట్టుకున్న ప్రతిసారీ జోడు కిందికి జారిందేమో, ఒక వైపు లేచిందేమో సరిచూసుకోండి. రెండు మిల్లీమీటర్లు జారినా ఏ భాగంలోంచి చూస్తున్నామో మారిపోతుంది.

పడుకుని టీవీ చూడటం, తలపైన ఉన్న అల్మారాలో మందు సీసా మీది అక్షరాలు చదవడం ఈ అద్దాలతో కుదరవు. కంప్యూటర్ తెర కొంచెం కిందికి దించండి. రోజంతా తెర ముందు పనైతే ఆ పనికి వేరే జోడు అడగండి.

అలవాటవడానికి సాధారణంగా రెండు వారాలు పడుతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఇవే పెట్టుకోండి. గంటకోసారి పాత జోడుకి మారితే కళ్ళు ఎప్పటికీ కుదురుకోవు.

ఇదంతా కొలత సరిగ్గా ఉంటేనే. ఫ్రేము మీ ముక్కుకీ చెవులకీ సరిచేశాకే కొలత తీసుకోవాలి. కనుపాప నడిమి ఎక్కడుందో రెండు కళ్ళకీ విడివిడిగా ఫ్రేములోని అద్దం మీద చుక్క పెట్టారా లేదా గమనించండి. పెట్టకపోతే అడగండి, మొహమాటపడకండి. మరీ సన్నటి ఫ్రేము తీసుకుంటే చదివే భాగానికి చోటుండదు. షుగర్ ఉన్నవాళ్ళు అది అదుపులో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకోవాలి, హెచ్చుతగ్గులుంటే పవర్ మారుతుంది.

రెండు వారాలైనా కుదరకపోతే ఇలా చూడండి. దూరం కనబడాలంటే గడ్డం దించాల్సి వస్తోందా? అద్దం ఎక్కువ ఎత్తులో కూర్చుంది. చదవాలంటే తల బాగా వెనక్కి వాల్చాలా? తక్కువ ఎత్తులో ఉంది. చాలాసార్లు నోస్‌ప్యాడ్ సరిచేస్తే చాలు. వెలుతురుకి అడ్డంగా పట్టి వంచి చూస్తే, ప్రతి అద్దం మీదా సన్నగా చెక్కిన రెండు గుర్తులు కనబడతాయి. వాటిని బట్టి షాపువాళ్ళు కొలత మళ్ళీ సరిచూడగలరు, చూడమని అడగండి.

ఒక వస్తువు రెండుగా కనబడటం, ఉన్నట్టుండి మెరుపులు, కంటికి తెర అడ్డుపడినట్టు ఉండటం మాత్రం అద్దాల అలవాటు సమస్య కాదు. షాపుకి కాదు, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.