పాత ఫోన్లు, బ్యాటరీలు పారేసే ముందు

ఇల్లు సర్దేటప్పుడు ఏదో ఒక సొరుగులోంచి పాత ఫోన్లు, చార్జర్లు, అయిపోయిన రిమోట్ సెల్స్ బయటపడతాయి. దయచేసి అన్నీ ఒకే కవర్లో వేసి చెత్తబుట్టలో పడేయకండి. చెత్త బండిలో నలిగి లిథియం బ్యాటరీ చితికితే, లోపల షార్ట్ అయి మంట లేస్తుంది. ఆ మంటకు దగ్గరగా ఉండేది చెత్త ఎత్తేవాళ్లే. అందుకే ముందు బ్యాటరీలను వేరు చేయండి. ఫోన్ లోపల అంటించి ఉన్న బ్యాటరీని మాత్రం ఊడదీయొద్దు, ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునే కేంద్రానికి ఫోన్‌తోనే ఇచ్చేయండి.

అన్నిటికంటే భయపడాల్సింది ఉబ్బిన బ్యాటరీకి. ఫోన్ వెనక మూత పైకి లేచిందా, స్క్రీన్ అంచున సందు కనిపిస్తోందా, టేబుల్ మీద పెడితే ఊగుతోందా? వెంటనే చార్జింగ్ తీసేసి ఆఫ్ చేయండి. నొక్కి సరిచేయాలని చూడకండి. పిన్నుతో పొడిచి గాలి తీసే పని అసలు వద్దు. లోపల ఉన్నది మామూలు గాలి కాదు, రసాయనాలు చెడిపోయి పుట్టిన మండే వాయువు. ఆ ఫోన్‌ని పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించకుండా, కర్టెన్లకీ కాగితాలకీ దూరంగా, పిల్లలకు అందని చోట ఉంచండి. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి ఫోన్ చేసి, ఉబ్బిన బ్యాటరీ అని ముందే చెప్పి, ఆలస్యం చేయకుండా అప్పగించండి.

మామూలుగా ఉన్న లిథియం బ్యాటరీల కొసలకు టేప్ అంటించి దాచండి. 9 వోల్టుల చదరపు బ్యాటరీకీ అంతే. దాని రెండు కొసలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక తాళంచెవి అడ్డంగా తగిలినా వేడెక్కిపోతుంది.

గుండ్రటి బటన్ సెల్స్‌ని తీసిన నిమిషంలోనే టేప్‌లో చుట్టేయండి. పసిపిల్లలు మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. అయిపోయిందనుకున్న సెల్‌లో కూడా అంత కరెంటు మిగిలి ఉంటుంది. మింగారన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి.

సీఎఫ్‌ఎల్ బల్బు పగిలితే అందులోని పాదరసం ఆవిరవుతుంది. కిటికీలు తెరిచి, అందరూ ఓ పావుగంట బయట ఉండండి. తర్వాత ముక్కల్ని అట్టముక్కతో ఎత్తండి, చీపురు గానీ వాక్యూమ్ క్లీనర్ గానీ వాడొద్దు. పాత మైక్రోవేవ్‌ను ఇంట్లో విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్ అనే భాగం షాక్ కొట్టి ప్రాణం తీయగలదు. రాగి కోసం వైర్లు కాల్చడమూ వద్దు, ఆ పొగలో డయాక్సిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి.

ఇక ఫోన్ ఇచ్చేసే ముందు ఖాతాల నుంచి లాగౌట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ని మాత్రం ఇందుకోసం మళ్లీ ఆన్ చేయొద్దు. వేరే ఫోన్ నుంచి మీ ఖాతాలోకి వెళ్లి, ఆ పాత ఫోన్‌ని తొలగించి పాస్‌వర్డ్ మార్చేయండి.