స్పానిష్‌లో సలహా, కోరిక చెప్పే ముందు: సుబ్‌హుంతీవో (ఇలాంటి మాటల్లో వాడే క్రియారూపం) జాగ్రత్తలు

- ముందు కర్త ఎవరో చూసుకోండి. ఎక్కువ తప్పులు ఇక్కడే. "నేను వెళ్లాలనుకుంటున్నాను" అంటే "కియెరో ఇర్", అంతే. "నువ్వు వెళ్లాలని నా కోరిక" అన్నప్పుడు కర్త మారింది కాబట్టి "కియెరో కే బాయాస్". మధ్యలో "కే" వదిలేయకండి.

- సుబ్‌హుంతీవో రూపం కట్టడానికి మామూలు "నేను" రూపం నుంచి మొదలుపెట్టి చివరి "ఓ" మార్చండి: తెంగో (నా దగ్గర ఉంది), తెంగా. "ఆర్"తో ముగిసే క్రియలకు "ఎ" వస్తుంది, "ఎర్", "ఇర్"తో ముగిసే క్రియలకు "ఆ".

- ఈ పద్ధతికి లొంగని సేయా (సేర్, అంటే ఉండటం), బాయా (ఇర్, వెళ్లటం), సేపా (సాబేర్, తెలియటం) బట్టీ పట్టాల్సిందే. టెన్షన్ వద్దు, ఇలాంటివి కొన్నే.

- "దీసే" (చెబుతున్నాడు) తర్వాత ఆగి ఆలోచించండి. "దీసే కే బియెనెస్" అంటే నువ్వు వస్తున్నావని చెబుతున్నాడు. "దీసే కే బెంగాస్" అంటే నిన్ను రమ్మంటున్నాడు. నాకు బాగా నచ్చే తేడా ఇది.

- అరబ్బీ నుంచి వచ్చిన "ఒహాలా" (అలా జరిగితే బాగుండు) తర్వాత ఎప్పుడూ సుబ్‌హుంతీవోనే.

- జబ్బుపడిన స్నేహితుడికి: "కే తే మెహోరెస్", అంటే నువ్వు కోలుకోవాలి.