ఇంటి స్థలంలోని పెద్ద బండరాళ్లను యంత్రాలతో తొలగించడం ఎలా?

హైదరాబాదు శివార్లలో గానీ, నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురం వైపు గానీ ఇంటి స్థలం కొన్నవారికి అందులో బండరాళ్లు కనిపించడం వింతేమీ కాదు. ఇక్కడి నేల అడుగున ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పగుళ్ల వెంట నీరు దిగి, రాతి అంచులు ఉల్లిపొరల్లా ఊడి, మెత్తబడిన భాగమంతా మొరంగా మారిపోగా, మధ్యలో చెక్కుచెదరకుండా మిగిలిన గట్టి ముద్దలే మనం చూసే గుండ్లు. ఈ సంగతి ఇంటి యజమానికి నేరుగా పనికొస్తుంది. రాయి చుట్టూ, కింద మొరం తగిలితే అది కదిలే గుండు కావచ్చు. తవ్వినకొద్దీ రాయి వెడల్పవుతూ పోతే అది నేలంతా పరుచుకున్న పరుపు బండకు పైకి కనిపించే నెత్తి మాత్రమే. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి గానీ, వాటికి కావలసిన యంత్రం వేరు, పట్టే కాలం వేరు, అయ్యే ఖర్చు వేరు. ఈ తేడా తేల్చుకోకుండా ముందే జేసీబీని పిలిపిస్తే డబ్బు వృథా అవుతుంది.

ముందు ఏ రాయి తీయాలో నిర్ణయించండి

ఇంటి ప్లాను చేతికి వచ్చాక స్థలంలో సున్నంతో మార్కింగ్ వేయించి, పిల్లర్ల గుంతలు, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు, వాహనం వచ్చే దారి ఎక్కడెక్కడ పడుతున్నాయో చూడాలి. ఆ గీతలకు అడ్డం వచ్చే రాళ్లనే తీయించడం మంచిది. ఖాళీగా వదిలే జాగాలో పడిన గుండును ఉంచేస్తే ఖర్చు తప్పడమే కాక, ముంగిట అదొక అందం కూడా. హైదరాబాదులోని రాతి గుట్టలను కాపాడుకోవాలని 1996లో ఒక సొసైటీ ఏర్పడింది, కొన్ని శిలాకృతులు వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కాయి. కాబట్టి మీ స్థలం అటువంటి గుట్టను ఆనుకుని ఉంటే మున్సిపల్ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే రాతిపై చెయ్యి వేయాలి. రాయి సగం మీ హద్దులో, సగం పక్కవారి హద్దులో ఉన్నప్పుడు వారి నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవడం మరువరాదు.

రాయిని పరీక్షించి, బరువు లెక్కగట్టండి

గునపంతో రాయి చుట్టూ రెండు, మూడు అడుగుల లోతున గాడి తీయించండి. రాయి అంచు లోపలికి మలుపు తిరిగి, దాని కింద మొరం కనిపిస్తే పని సులువు. ఆ తర్వాత రాయిని కడిగించి, నీళ్లు పోసి ఆరనివ్వండి. పైభాగమంతా తెల్లబడి ఆరిపోయినా, పగులు ఉన్నచోట సన్నని తడిగీత నల్లగా చాలాసేపు నిలిచి ఉంటుంది. ఆ గీత మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే రేపు రాయిని పగలగొట్టవలసి వస్తే మొదటి దెబ్బ పడవలసినది అక్కడే.

బరువు తెలుసుకోవడానికి టేపు చాలు. గ్రానైటు ఘనపుటడుగుకు సుమారు 75 కిలోలు తూగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, గుండ్రని రాయి అయితే అందులో సగం, పలకలుగా ఉన్నదయితే ముప్పావు వంతు తీసుకుని 75తో హెచ్చవేయాలి. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు గల గుండు ఈ లెక్కన అయిదున్నర టన్నులు దాటుతుంది. కంటికి ఒక ఆటో అంత కూడా లేని రాయి అంత తూగడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. భూమిలో ఉన్న భాగాన్ని కూడా ఎత్తులో కలుపుకోవాలని గుర్తుంచుకోండి.

రాయికి తగిన యంత్రాన్ని మాట్లాడండి

జేసీబీ అని మనం పిలిచే రెండు బకెట్ల బండి ముందు బకెట్‌తో భద్రంగా ఎత్తగలిగేది ఇంచుమించు టన్నున్నర నుంచి రెండు టన్నులు. అంతకంటే పెద్ద రాయిని అది తోయగలదు, దొర్లించగలదు గానీ ఎత్తి టిప్పర్‌లో వేయలేదు. అయిదారు టన్నుల గుండును లాగడానికి 20 టన్నుల తరగతి (అంటే బండి బరువే సుమారు 20 టన్నులుండే) చైన్ బండి కావాలి. ఏ కంపెనీది అయినా సైటు మీద దాన్ని హిటాచీ అనో, ప్రొక్లెయిన్ అనో అంటారు. దీని చెయ్యి దగ్గరగా ఉన్నప్పుడు ఎత్తే బరువు, దూరంగా చాచినప్పుడు ఎత్తలేదు. హైడ్రా క్రేనుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: 14 టన్నుల క్రేను అన్నది బూమ్ (క్రేను చెయ్యి) పూర్తిగా ముడుచుకున్నప్పటి మాటే గనుక, మీ రాయి ఉన్న దూరానికి అది ఎంత ఎత్తగలదో లోడ్ చార్టులో చూపించమని ఆపరేటర్‌ను అడగండి. చార్టు చూపించలేనివారితో పని పెట్టుకోకపోవడమే మేలు.

బేరం గంట లెక్కనా, గుత్త లెక్కనా అన్నది రాతిని బట్టి తేలుతుంది. కదిలే గుండ్లకు గంట లెక్క లాభం. పరుపు బండకు గంట లెక్క పెట్టుకుంటే మీటరు తిరుగుతూనే ఉంటుంది, రాయి మాత్రం తరగదు. అక్కడ ఘనపుటడుగుకు ఇంత అని గుత్తకు మాట్లాడుకోవాలి. గంట లెక్క అయితే పని మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు బండిలోని అవర్ మీటరు రీడింగును ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. చైన్ బండిని ట్రెయిలర్ మీద తెచ్చి, తిరిగి తీసుకుపోయే కిరాయి ఎవరిదో కూడా ముందే తేల్చుకోవాలి.

యంత్రం రాకముందు చేయవలసినవి

స్థలం మీదుగా కరెంటు తీగలు వెళుతుంటే వాటి కింద బూమ్ ఎత్తనివ్వకూడదు. తప్పనిసరి అయితే విద్యుత్ శాఖ సిబ్బందిని పిలిచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి ఇచ్చే అనుమతి) ఇప్పించుకుని, సరఫరా ఆగిందని వారే చెప్పాక పని చేయించాలి. బోరు కేసింగు, మంచినీటి పైపు, పక్కింటివారి సెప్టిక్ ట్యాంకు ఉన్నచోట జెండాలు పాతండి. చుట్టుపక్కల గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లను తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, వీలయితే ఆ ఇంటివారి సమక్షంలోనే తీస్తే, తర్వాత తగాదాలకు తావుండదు. చైన్ బండి నిలబడే జాగా గట్టిగా, సమంగా ఉండాలి. కొత్తగా పోసిన మట్టి మీద దాన్ని నిలపరాదు.

గుండును కదిలించే పద్ధతి

వాలు నేల అయితే యంత్రం ఎప్పుడూ రాయికి పైవైపునో, పక్కవైపునో ఉండాలి, కిందివైపు మనిషి గానీ బండి గానీ ఉండకూడదు. ఏ వైపు దొర్లించాలనుకుంటున్నారో ఆ వైపు మట్టిని ముందు తీసి, వాలుగా దారి చేయాలి. తర్వాత మిగతా మూడు వైపులా తవ్వి, బకెట్ పళ్లను రాయి అడుగున దూర్చి మెల్లగా లేపి వదలమనండి. రాయి కొద్దిగా ఊగితే పట్టు వదిలినట్లే. ఊగకపోతే బలవంతంగా లాగించవద్దు. మళ్లీ దిగి, అడుగున ఎక్కడ పట్టుకుందో చూడాలి. అలా చూసేవారు గుంతలోకి దిగే ముందు రాయికి చెక్క దుంగలో, రాళ్లో అడ్డం పెట్టాలి, ఇంజన్ ఆపించాలి, బకెట్‌ను నేలకు దించించాలి. అడుగు ఖాళీ చేసిన గుండు ఎప్పుడు ఒరుగుతుందో అనుభవజ్ఞులూ చెప్పలేరు.

క్రేనుతో ఎత్తవలసి వస్తే గుండ్రని రాయికి ఒక్క గొలుసు చాలదు, జారిపోతుంది. రెండు వైర్ రోపులను ఒకదానికొకటి అడ్డంగా అడుగు నుంచి చుట్టి, ముందు ఒక జానెడు మాత్రమే లేపి, తాళ్లు సర్దుకున్నాయో లేదో చూశాకే పైకి లేపాలి.

కదలని రాయిని పగలగొట్టడం

చైన్ బండికి బకెట్ తీసి బ్రేకర్ (రాతిని సుత్తిలా కొట్టే పరికరం) తగిలించడం ఇప్పుడు అందరూ చేసే పని. బ్రేకర్ మొనను రాతి నడినెత్తిన పెట్టి గంటల తరబడి కొట్టిస్తే దుమ్ము తప్ప ఏమీ రాదు. అంచు దగ్గర, సుద్ద గుర్తు పెట్టిన పగులు మీద నిలువుగా ఆనించి కొట్టాలి; పదిహేను, ఇరవై సెకన్లలో రాయి చీలకపోతే చోటు మార్చాలి. గ్రానైటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది కాబట్టి పైపుతో నీళ్లు చల్లుతూ ఉండాలి, దగ్గర ఉన్నవారు చేతిరుమాలుతో సరిపెట్టుకోక ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రివేళ కింద లెక్క, ఆ సమయంలో ఈ మోత అసలు పెట్టరాదు.

పక్కనే ఇళ్లుండి అదురు పనికిరాదనుకుంటే, నా ఉద్దేశంలో వడ్డెర పనివారి పద్ధతికి సాటి లేదు. కంప్రెసర్ ట్రాక్టరుతో ఒకే గీతలో ఆరేడు అంగుళాల ఎడంతో రంధ్రాలు వేసి, ఒక్కోదానిలో ఇనుప రేకుల మధ్య మేకు దించి, సమ్మెటతో వరసగా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. దెబ్బదెబ్బకూ మేకు మోత సన్నబడి ఖంగుమంటుంది, ఉన్నట్టుండి ఆ మోత బొంగురుపోతుంది. అప్పుడు సమ్మెట దించి చూస్తే రంధ్రం నుంచి రంధ్రానికి వెంట్రుక మందాన గీత కనిపిస్తుంది. ఇలా చీలిన రాయి చదునుగా వస్తుంది గనుక పునాదికి, ప్రహరీకి సైజు రాయిగా పనికొచ్చి కూలి ఖర్చులో కొంత తిరిగి వస్తుంది.

సున్నపు పొడి ఆధారంగా తయారయ్యే పగుళ్ల కెమికల్ మరో మార్గం. పొడిని నీళ్లలో కలిపి రంధ్రాల్లో పోస్తే అది ఉబ్బి, చాలావరకు ఒక రోజులో రాయిని చీలుస్తుంది. చప్పుడు ఉండదు గానీ ప్రమాదం లేదనుకోవద్దు. ఎండవేళల్లో రంధ్రంలోని ముద్ద వేడెక్కి తుపాకీ గుండులా పైకి చిమ్మగలదు. అందువల్ల కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా కలపరాదు, పోసిన రంధ్రం మీదికి వంగి చూడరాదు, సంచి మీద రాసిన ఉష్ణోగ్రతకు సరిపడే రకాన్నే వాడాలి.

మందు పెట్టి పేల్చడం గురించి ఇళ్ల మధ్య ఆలోచించనే వద్దు. 2008 పేలుడు పదార్థాల నియమాల కింద లైసెన్సు, అర్హత పత్రం గల బ్లాస్టర్ లేకుండా అది నేరం.

రాయిని తరలించడం, గుంత పూడ్చడం

రాయిని టిప్పర్‌లో వేసే ముందు తొట్టి అడుగున మట్టి పరిపించాలి, బకెట్‌ను వీలయినంత కిందికి దించి వదిలించాలి. రాయి చట్టరీత్యా చిన్నతరహా ఖనిజం. దాన్ని అమ్మాలన్నా, రోడ్డు మీద తీసుకుపోవాలన్నా గనుల శాఖ అనుమతి, సీనరేజీ (ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) గురించి ముందే విచారించుకోండి. మీ పునాదికీ, ప్రహరీకీ వాడుకునేదాన్ని స్థలంలోనే ఒక మూల పేర్పించుకుంటే ఈ బాధే ఉండదు.

రాయి పోయాక మిగిలే గుంతను తేలిగ్గా తీసుకోరాదు. దాన్ని ఒకేసారి మట్టితో నింపేస్తే పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల గుల్లగా ఉండి, కొన్నాళ్లకు కుంగుతుంది. మొరాన్ని ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి, దిమ్మిస కొట్టించాలి లేదా చిన్న రోలర్ తిప్పించాలి. పిల్లరు గుంత అక్కడే పడితే పూడిక మీద పునాది వేయకూడదు. గట్టి నేల తగిలేదాకా దిగాలి, లేదా ఇంజనీరు చెప్పిన లోతు వరకు కాంక్రీటుతో నింపాలి. ఒక పిల్లరు బండ మీద, దాని పక్కది పూడిక మీద నిలిచిన ఇంట్లో గోడలు ఏటవాలుగా పగులుతాయి, కాబట్టి రాయి తీసిన చోటును కొలతలతో సహా నిర్మాణ ఇంజనీరుకు చూపించి, ఆయన సంతకం చేశాకే ఇనుము కట్టించాలి. ఆవరణలో టైల్స్, పేవర్లు వేయవలసిన భాగాన్ని మాత్రం ఒక వానాకాలం అలాగే వదిలి, కుంగిన చోట మళ్లీ మొరం పోసి దిమ్మిస కొట్టించాక వేయించుకోవచ్చు.