సీట్లు కాదు, పెట్టెలు లెక్కపెట్టండి

క్రూయిజ్‌కు, అంటే ఓడలో విహారయాత్రకు వెళ్లేటప్పుడు ఎనిమిది సీట్ల వ్యాన్ ఎనిమిది మందికీ సరిపోతుందనుకుంటాం. పెద్ద పెట్టెలు డిక్కీ దగ్గరకు వచ్చాకే టెన్షన్ మొదలవుతుంది. ఈసారి మేం ముందురోజు రాత్రే సామానంతా గోడవారగా పేర్చి, సైజు తెలిసేలా పక్కన ఒక మనిషిని నిలబెట్టి, ఫొటో తీసి డ్రైవర్‌కు పంపాం. అందరూ పట్టరని ఆయనే చెప్పాడు. దాంతో ఇద్దరు పెట్టెలతో వ్యాన్‌లో, మిగతా ఆరుగురు చేతిసంచులతో రైల్లో వెళ్లాం. రెండో బండి ఖర్చు తప్పింది.

ఓడ కంపెనీ ట్యాగులు బయల్దేరే ముందే పెట్టెలకు కట్టేయండి. పాస్‌పోర్టులు, మందులు మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. పెద్ద రేవుల్లో టెర్మినళ్లు చాలా ఉంటాయి కాబట్టి డ్రైవర్‌కు టెర్మినల్ పేరే చెప్పాలి, రేవు పేరు చెబితే చాలదు. రైల్వే స్టేషన్ నుంచి టెర్మినల్ దూరమైతే ఇలా కొందరు రైల్లో వెళ్లే పద్ధతి పనికిరాదు.