టెలిగ్రామ్ బాట్‌కు వచ్చే సందేశాలను సరైన హ్యాండ్లర్‌కు చేర్చడం ఎలా?

టెలిగ్రామ్ బాట్ కమాండ్ల పేర్లలో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరేవీ చెల్లవు. అందువల్ల తెలుగువారి కోసం బాట్ రాసేవారు స్లాష్ (/) గుర్తుతో మొదలయ్యే కమాండ్లనే నమ్ముకుంటే పని జరగదు. మనిషి మామూలుగా టైపు చేసిన "పాలు కావాలి" అన్న మాటను పట్టుకుని, దానికి తగిన ఫంక్షన్‌కు అప్పగించడమే అసలు పని. ఏ సందేశం ఏ ఫంక్షన్‌కు వెళ్లాలో చెప్పేదే హ్యాండ్లర్. దీన్ని పైథాన్-టెలిగ్రామ్-బాట్ లైబ్రరీతో ఎలా చేయాలో పాల ఆర్డర్లు తీసుకునే ఒక చిన్న బాట్‌ను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. వాడుకరి "పాలు" అంటారు, బాట్ "ఎన్ని లీటర్లు?" అని అడుగుతుంది, జవాబుగా వచ్చిన అంకెను రాసుకుంటుంది. ఇంత చిన్న బాట్‌లోనూ తప్పులు దొర్లడం నేను చాలాసార్లు చూశాను.

1. సిద్ధం చేసుకోవడం

టెలిగ్రామ్‌లో కొత్త బాట్లను నమోదు చేసే బాట్‌ఫాదర్ దగ్గర టోకెన్ (మీ బాట్‌కు తాళంచెవి లాంటి రహస్య సంకేతం) తీసుకోండి, దాన్ని కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్‌కు బయట, సిస్టమ్‌లో దాచే విలువలో) ఉంచండి, లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయండి. 20వ వెర్షన్ నుంచి హ్యాండ్లర్ ఫంక్షన్లన్నీ అసింక్ (async def) పద్ధతిలోనే రాయాలి కాబట్టి అంతకు ముందరి పాఠాలను చూసి నకలు చేయవద్దు. టెలిగ్రామే సందేశాలను మీ సర్వర్‌కు పంపే వెబ్‌హుక్ జోలికి ఇప్పుడే పోనక్కరలేదు, మీ బాటే వెళ్లి కొత్త సందేశాలను అడిగి తెచ్చుకునే పోలింగ్ చాలు. బాట్ ఆగిపోయినా, అప్పటిదాకా అందుకోని సందేశాలను టెలిగ్రామ్ సర్వర్ 24 గంటల వరకు దాచి ఉంచుతుంది. ఒకే టోకెన్‌తో రెండు చోట్ల పోలింగ్ నడిపితే మాత్రం కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ వస్తుంది.

2. ఫంక్షన్లు రాయడం

ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్ రాయండి. ప్రతి ఫంక్షన్‌కూ అప్‌డేట్ (వచ్చిన సందేశం, దాని వివరాలు), కాంటెక్స్ట్ (బాట్, అది దాచుకున్న సమాచారం) అనే రెండు విలువలు అందుతాయి. అన్నిటినీ ఒకే ఫంక్షన్‌లో పెట్టి ఇఫ్, ఎల్స్‌లతో నింపేవారు ఉన్నారు. ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే వాడుకరి ఏ ప్రశ్నకు జవాబిస్తున్నారో గుర్తుంచుకునే భారం అప్పుడు మీ మీదే పడుతుంది. ఆ పని కోసమే లైబ్రరీలో కన్వర్జేషన్ హ్యాండ్లర్ ఉంది.

3. హ్యాండ్లర్లను వరుసలో పెట్టడం

ఇక్కడ తొందరపడవద్దు. లైబ్రరీ పాటించే నియమం ఇది: హ్యాండ్లర్లు గ్రూపులుగా ఉంటాయి, మీరేమీ చెప్పకపోతే అన్నీ 0వ గ్రూపులో చేరతాయి. ఒక గ్రూపులో, మీరు చేర్చిన వరుసలోనే ఒక్కొక్క హ్యాండ్లర్‌నూ అడుగుతూ వెళ్లి, ముందుగా సరిపోయిన ఒక్కదానికే సందేశాన్ని ఇస్తుంది. ఆ తరువాత తక్కువ సంఖ్య నుంచి ఎక్కువ సంఖ్యకు పోతూ, తరువాతి గ్రూపులోనూ అదే విధంగా మళ్లీ వెతుకుతుంది.

ఒక పాలకేంద్రం వారి బాట్‌ను సరిచేయమని నా దగ్గరకు తెచ్చారు. "పాలు" అన్నా, "2" అన్నా అది "అర్థం కాలేదు" అనే చెబుతోంది. చూస్తే, టెక్స్ట్ ఏది వచ్చినా పట్టుకునే హ్యాండ్లర్‌ను అన్నిటికన్నా ముందు చేర్చారు. దాని వెనక ఉన్న కన్వర్జేషన్ హ్యాండ్లర్ వరకు ఒక్క సందేశమూ చేరడం లేదు. దీన్ని సరిచేయడానికి వారు అంతకు ముందే ఒక ప్రయత్నం చేసి, కన్వర్జేషన్ హ్యాండ్లర్‌ను 1వ గ్రూపుకు మార్చి చూశారట. అప్పుడు "అర్థం కాలేదు" అన్న జవాబూ, "ఎన్ని లీటర్లు?" అన్న ప్రశ్నా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రెండు గ్రూపులూ ఆ సందేశాన్ని తమదిగా తీసుకున్నాయి కనుక అలా జరగక మానదు.

కాబట్టి వాడుకరికి జవాబిచ్చే హ్యాండ్లర్లన్నీ ఒకే గ్రూపులో ఉండాలి. ముందు కమాండ్లు, తరువాత కన్వర్జేషన్ హ్యాండ్లర్, చిట్టచివర "అర్థం కాలేదు" చెప్పే హ్యాండ్లర్, ఇదే వరుస. జవాబివ్వకుండా లాగ్ మాత్రమే రాసుకునే హ్యాండ్లర్‌కే వేరే గ్రూపు, అదీ -1 సంఖ్యతో ఇవ్వండి.

కన్వర్జేషన్ హ్యాండ్లర్ లోపల కూడా ఇదే జాగ్రత్త అవసరం. లీటర్లు అడిగిన స్థితిలో అంకెలను మాత్రమే ఒప్పుకునే ఫిల్టర్ పెట్టి, "వద్దు" అన్న మాటకూ, మిగిలిన మాటలకూ ఫాల్‌బ్యాక్‌లో (ఆ స్థితిలోని ఏ హ్యాండ్లరూ సరిపోనప్పుడు చూసే జాబితాలో) విడివిడిగా హ్యాండ్లర్లు రాయండి. ఫాల్‌బ్యాక్ లేకపోతే, "రెండు" అని అక్షరాల్లో రాసిన మనిషి సందేశం సంభాషణ దాటి బయటకు జారిపోయి, చివరి హ్యాండ్లర్ చేతిలో పడుతుంది. "దయచేసి అంకెలో రాయండి" అని చెప్పవలసిన చోట "అర్థం కాలేదు" అంటే ఆ మనిషి మళ్లీ ఆ బాట్ ముఖం చూడరు.

4. దిద్దిన సందేశాలు

వాడుకరి "2" పంపి, ఆర్డర్ ముగిశాక అదే సందేశాన్ని "3" అని దిద్దారనుకుందాం. మెసేజ్ హ్యాండ్లర్ మామూలుగా దిద్దిన సందేశాలను కూడా పట్టుకుంటుంది. అయితే అటువంటి అప్‌డేట్‌లో మెసేజ్ అన్న గడి ఖాళీగా ఉంటుంది, సందేశం ఎడిటెడ్ మెసేజ్ అన్న వేరే గడిలో ఉంటుంది. మీ ఫంక్షన్ ఖాళీ గడికి జవాబు పంపబోయి పడిపోతుంది, వాడుకరికి ఏ జవాబూ రాదు.

దీనికి చాలామంది ఎఫెక్టివ్ మెసేజ్ వాడమని సలహా ఇస్తారు. అది రెండు గడుల్లో ఏది నిండి ఉంటే దాన్ని ఇస్తుంది కాబట్టి ఎర్రర్ పోతుంది. కానీ సంభాషణ ఇంకా నడుస్తుండగా ఎప్పుడో పంపిన "2"ను ఎవరైనా "3"గా దిద్దితే, దాన్ని ఇప్పటి ప్రశ్నకు జవాబుగా తీసుకునే ప్రమాదం అలాగే మిగులుతుంది. ఆర్డర్ నమోదు చేసే ఫంక్షన్‌లో ఇలా జరిగితే రెండు లీటర్లూ మూడు లీటర్లూ కలిసి ఐదు అవుతాయి. అందుకని ఆర్డర్ తీసుకునే ప్రతి హ్యాండ్లర్‌కూ కొత్త సందేశాలనే ఒప్పుకునే అప్‌డేట్ టైప్ ఫిల్టర్‌ను తప్పక జోడించండి. దిద్దిన సందేశాలకు వేరే హ్యాండ్లర్ పెట్టి, "మార్పు కావాలంటే మళ్లీ పాలు అని రాయండి" అని చెప్పించండి.

5. తెలుగు మాటను పోల్చడం

పోల్చే ముందు సందేశాన్ని ఎన్ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే కోడ్ వరుసగా ఉంచే యూనికోడ్ పద్ధతి) రూపానికి మార్చండి, ఎందుకంటే ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్‌ల కలయికగానూ రాయవచ్చు. కంటికి కనిపించని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో-విడ్త్ నాన్-జాయినర్‌ను తీసివేయండి. పైథాన్‌లో అంచులను శుభ్రం చేసే స్ట్రిప్ దాన్ని వదిలేస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదాక్షరానికి వాడే \w గుర్తు మన గుణింతాలను పదంలో భాగంగా లెక్కించదు కాబట్టి "పాలు" అన్న మాట ప, ల అని విడిపోతుంది. ఖాళీల దగ్గర విడగొట్టి, పదాలను మీ జాబితాతో పోల్చడమే మేలు. "పాల" అని మొదలైతే చాలనుకుంటే పాలకూర అడిగినవారికీ పాలు రాసేస్తుంది. అంకెల విషయంలో భయం లేదు, ఇంట్ ఫంక్షన్ ౨ అన్న తెలుగు అంకెను కూడా 2గానే చదువుతుంది.

6. పరీక్షించడం

ఎర్రర్ హ్యాండ్లర్ ఒకటి చేర్చి, బాట్‌ను నడిపి, ఈ వరుసలోనే పంపి చూడండి: "పాలు", "రెండు", "౨", ఆ తరువాత ఆ "౨"ను "౩"గా దిద్దడం, ఒక ఫోటో, చివరగా "పాలకూర". ఫోటోకు ఏ జవాబూ రాకపోతే మీ చివరి హ్యాండ్లర్ టెక్స్ట్‌ను మాత్రమే పట్టుకుంటోందని అర్థం. ఫోటోలకు, వాయిస్ సందేశాలకు దాని పక్కనే ఇంకొక హ్యాండ్లర్ చేర్చండి.